ఉత్త బండలు

కంచె కడీలు పాతడానికి వచ్చిన మనుషులు పత్తి చేను మధ్యలోంచే నడిచారు. పక్కనే గట్టు ఉన్నా ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. గడ్డపారలు భుజాన పెట్టుకుని, నడుమెత్తు చెట్లను మోకాళ్లతో తోసుకుంటూ, రాలిన దూది మీదే అడుగులు వేసుకుంటూ మెరక ఎక్కారు.

మెరక మీద తనూజ నిలబడి ఉంది. ఆమె భుజాల మీద అప్పుడే కప్పిన శాలువా. దాన్ని కప్పింది చరిత్ర మండలి అధ్యక్షుడు భూపాల్; ఫొటో తీసేదాకా దాని అంచు వదలకుండా పట్టుకునే ఉన్నాడు.

"ఇయ్యాల ఈ రాకాసి గూళ్లకు రక్షణ దొరికిందంటే అది మా తనూజమ్మ పట్టుదల. మండలికి పేరు రావొచ్చు గని, కష్టం ఆమెది," అన్నాడు విలేఖరితో.

తనూజ జనగామలో జూనియర్ కాలేజీ పిల్లలకు చరిత్ర చెబుతుంది. సెలవు దొరికితే చాలు, సంచిలో టేపు, దిక్సూచి వేసుకుని మండలి పని మీద ఊళ్లు పట్టుకు తిరుగుతుంది. తరిగొప్పుల దాటాక వచ్చే ఈ గుండ్లగడ్డ మెరక మీద పెద్ద పెద్ద రాళ్లు గుండ్రంగా పేర్చి ఉన్నాయనీ, ఒక్కో గుండ్రం నడుమ నాలుగు పలకలతో పెట్టెలా కట్టి పైన బండతో మూశారనీ, ఊళ్లో రాకాసి గూళ్లనే అవి మూడు వేల ఏళ్ల కిందటి మనుషులు తమ వాళ్లను పాతిపెట్టిన చోట్లనీ మొదట పత్రికలో రాసింది ఆమే. అక్కడితో ఊరుకోలేదు. వాటిని కాపాడమని ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉంది. అందుకే ఆ ఉదయం ఆమెకు శాలువా ఉక్కగా ఉన్నా తీసెయ్యబుద్ధి కాలేదు.

హైదరాబాదు నుంచి వచ్చిన పురావస్తు శాఖ అధికారి చేతిలో పటం పట్టుకుని ముందు నడుస్తుంటే, వెనకాల ఒకతను తట్టలోంచి సున్నం జారవిడుస్తూ గీత గీస్తున్నాడు. ఆ గీత మెరక చుట్టూ తిరిగి, కిందికి దిగి, పత్తి చేనులో సగానికి పైగా లోపలికి లాక్కుని, అవతల ఆయిల్ పామ్ తోట గట్టు దగ్గర టక్కున ఆగింది. తనూజ అప్పుడు చూసింది, గీత ఎక్కడెక్కడ పోతుందో.

"సార్, ఇంత చేను లోపలికి పోవాల్నా?"

"రాళ్ల చుట్టూ కొంత దూరం వదలాలమ్మా. మీరు రాసిందే కదా, చుట్టుపక్కల నేలలో కూడా ఉండవచ్చునని."

"అట్లయితే ఆ తోటల కూడా ఉండేటివి. అదిగో, తీసి కుప్ప పోసినవి కనబడుతున్నయి చూడున్రి."

తోట అంచున బండల కుప్ప ఉంది. పలకలు విరిగి, ఒకదాని మీద ఒకటి పడి, వాటి సందుల్లోంచి తంగేడు మొలిచింది. తోట భూపాల్‌ది. అధికారి అటు చూశాడు, భూపాల్ వైపు చూశాడు, మళ్లీ పటంలోకి చూశాడు.

"ఉన్నచోటనే కదమ్మా కాపాడేది. లేనిచోట కంచె వేసి ఏం చేస్తాం?"

చేను యోసేపుది. అతని తండ్రికి సర్కారు ఇచ్చిన మెట్ట చెలక. యోసేపు గట్టు మీద తువ్వాల రెండు చేతుల మధ్య మెలిపెడుతూ నిలుచున్నాడు. ఇంత జరుగుతున్నా అతని భార్య రాణి పత్తి ఏరడం ఆపలేదు. సున్నం గీత లోపలివైపు సాలులో వంగి, రెండు చేతులతో కాయల్లోంచి దూది లాగి ఒడిలో వేసుకుంటోంది. రోజూ ఏరే తీరు కాదు అది. ఆకు అంటుకున్నా చూడట్లేదు, పండని కాయ కూడా తుంపుతోంది.

తనూజ గట్టు దగ్గరికి వెళ్లింది. "యోసేపన్నా, నేను మాట్లాడుత. నువ్వు పరేషాన్ కాకు."

"నువ్వే చెప్పితివి మేడం," అన్నాడు యోసేపు. గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థంకాక అడిగినట్టు అన్నాడు. "ఈ బండలు తియ్యకు అన్నా, ఇవి శాన ఇలువైనవి అంటివి. అందరు తీపిచ్చుకున్నా నేను తియ్యలె. నాగలి తలగకుంట సుట్టు తిప్పుకుంట దున్నితిమి. తీసినాయనకు తోట ఉన్నది. ఉంచినోనికి చెలక పోవట్టె. గిదేం లెక్క మేడం?"

తనూజ చెయ్యి భుజం మీదికి పోయింది. శాలువా తీసి చంకలో పెట్టుకుంది.

రాణి నడుము లేపింది. మెరక పక్కన, గూళ్లకు కాస్త దిగువన, సున్నం కొట్టిన చెక్క సిలువలు నాలుగైదు ఉన్నాయి. వాటి వైపు చెయ్యి చూపి, "మా మామ ఆడనే ఉన్నడు. మా అత్త దవాఖానకెల్లి వచ్చినకాన్నుంచి మంచంల ఉన్నది. మా బొందలగడ్డ గూడ మీ కంచె జాలిల పడుతది మేడం. గది చూసిండ్రా?" అంది.

తనూజ చూడలేదు. వెళ్లి అధికారిని అడిగింది. ఉన్న సమాధులు ఉంటాయన్నాడు అతను, వాటికేం కాదన్నాడు.

*

మండలి గది స్టేషన్ రోడ్డులో సిమెంటు దుకాణం పైన. మెట్లు ఎక్కేటప్పుడే ఇంకు, తడి కాగితం వాసన వస్తుంది. రెండు రోజుల తర్వాత తనూజ వెళ్లేసరికి భూపాల్ నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. మహబూబాబాద్ వైపు ఒక పాడుబడ్డ గుడి దగ్గర దొరికిన శాసనపు బండ ఆయన ముందుంది. తడి కాగితం దాని మీద పరిచి, బ్రష్‌తో చిన్నగా కొడుతూ, కాగితం అక్షరాల గుంతల్లోకి దిగేలా చేస్తున్నాడు. ఆ అచ్చు తీసే పనిలో ఆయన చేతులు ఎంత నెమ్మదైపోతాయో తనూజకు తెలుసు. ఆయిల్ పామ్ తోటలు, ప్లాట్ల వ్యాపారం, ఎలక్షన్లు అన్నీ ఉన్న మనిషి అలా ఒక్క అక్షరం కోసం ఊపిరి బిగబట్టి కూర్చోవడం చూసే ఆమె మండలిలో చేరింది. ఆయనకు శాసనాలంటే ప్రాణం. అందులో అబద్ధం ఏమీ లేదు.

"యోసేపు చెలక సంగతి అడగాలె సార్. గీత జర పైకి జరిపితే బొందలగడ్డ, సగం చేను బయట పడతయి. మీరొక మాట చెప్తే వింటరు."

"గీత ఒకసారి పడ్డంక జరగది తనూజా." ఆయన గుడ్డ ఉండను ఇంకులో అద్ది, అరచేతి మీద ఒత్తి, ఎక్కువైన ఇంకు తీశాడు. "ఎన్నేండ్లు తిరిగినవు దీనికోసం? ఇప్పుడు నువ్వే జరుపుమంటే ఏమంటరు? గుండ్లగడ్డ ఒక్కటే కాదు, మొగుళ్లపల్లి దిక్కు గూడ ఉన్నయట. వచ్చే ఆదివారం పోయి కొలతలు తీసుకరా. ఇదే ఊపుల అది గూడ రక్షణకు పెట్టేద్దాం."

"మరి ఆయనకు బదులు భూమన్న ఇప్పియ్యున్రి."

"సర్కారు ఇచ్చిన భూమి. సర్కారు తీసుకుంటది. నేనెవణ్ని నడుమ?" ఉండతో కాగితం మీద అద్దుతున్నాడు. నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి. "చరిత్ర నిలవాల్నంటే ఎవలో ఒకలకు జర నష్టముంటది."

"అవి మీ తోటల ఇంక ఉండి ఉంటే?"

భూపాల్ చెయ్యి ఆగింది. ఆగినచోట ఇంకు కొంచెం ముద్దగా అంటుకుని ఒక అక్షరం మూసుకుపోయింది. ఆయన దాన్ని చూసి నాలుక చప్పరించాడు.

"నా తోటల లేవు గద," అన్నాడు. మళ్లీ అద్దడం మొదలుపెట్టాడు.

మెట్లు దిగుతుంటే తనూజకు ఫోన్ వచ్చింది. రాణి. ఏడుపు లేదు. "మా అత్త పోయింది మేడం. పొద్దున పోయింది. బొంద తవ్వుటానికి పోతే లోపటికి రానిస్తలేరు. నువ్వు జల్ది రా."

*

గుండ్లగడ్డకు తనూజ చేరేసరికి యోసేపు తల్లి అంజమ్మ శవపేటిక కొత్త కంచె జాలి ముందర, నేల మీద ఉంది. పైన బంతిపూల దండ. చుట్టాలు ఎండలోనే నిలబడ్డారు. పాలకుర్తి నుంచి వచ్చిన పాస్టరు బైబిలు చంకలో పెట్టుకుని, ఎవరితో మాట్లాడాలో తెలియక అటూ ఇటూ చూస్తున్నాడు. జాలి వెనుక, చేతికందేంత దూరంలో అన్నట్టు, యోసేపు తండ్రి సిలువ కనిపిస్తోంది. దాని పక్క జాగా ఖాళీగా ఉంది. అంజమ్మ తన కోసం ఉంచమన్న జాగా అది.

గేటుకు తాళం ఉంది. తాళంచెవి బాలనర్సయ్య దగ్గర ఉంది. కావలికి పెట్టుకున్న మనిషి అతను. ఆ ఊరివాడే. మెడలో కొత్త గుర్తింపు కార్డు వేసుకుని, ఎవరి మొహమూ చూడలేక నేల చూస్తున్నాడు.

"అంజమ్మవ్వ నన్ను ఎత్తుకుని పెంచింది మేడం. నాకు లేదా బాధ? తాళం తీస్తే నా నౌకరి పోతది. కేసు గూడ పెడతరట."

తనూజ అధికారికి ఫోన్ చేసింది. అతను ఓపిగ్గానే మాట్లాడాడు. "ఉన్నవాటిని ముట్టుకోం అన్నాను కానీ కొత్తగా తవ్వమని చెప్పలేదు కదమ్మా. రక్షిత స్థలం హద్దుల్లో తవ్వకం నేరం. మీ నివేదికలోనే ఉంది చూసుకోండి. పార లోతు కూడా కదిలించకూడదు, కిందనున్న పొరలు చెదిరిపోతాయి అని మీరే రాశారు. ఆ మాట నాకు బాగా నచ్చి పైకి కూడా పంపించాను."

"సార్, ఆమె భర్త ఇక్కడనే ఉన్నడు."

"అర్థం చేసుకోగలనమ్మా. ఇంకెక్కడైనా చూడమనండి."

ఫోన్ పెట్టేసి తనూజ గేటు దగ్గరే నిలబడిపోయింది. అందరూ ఆమె మొహంలోకి చూస్తున్నారు. ఆమె తల అడ్డంగా ఊపింది. యోసేపు గడ్డపార నేలకు ఆనించి, దాని మీద రెండు చేతులూ, చేతుల మీద గడ్డం పెట్టుకుని తల్లి పేటిక వైపు చూస్తూ ఉండిపోయాడు.

కాసేపటికి భూపాల్ కారు వచ్చింది. దిగి, చెప్పులు విడిచి, పేటిక దగ్గరికి వచ్చి దండం పెట్టాడు. యోసేపు భుజం మీద చెయ్యి వేశాడు.

"నా తోట మూలకు, కాలువ పక్కన జాగా ఉన్నది యోసేపూ. ఆడ పెట్టుకోండ్రి. నేను కాదన్ననా?"

యోసేపు రాణి వైపు చూశాడు. రాణి కొంగు నడుముకు బిగించుకుంది.

"నీ జాగల వద్దు పటేలా," అంది. "సర్కారు ఇచ్చిన జాగల్నుంచే లేపవట్టిరి. రేపు ఏ మోటరుకో పైపుకో అడ్డమున్నదని నీ జాగల్నుంచి లేపరని ఏమున్నది? సచ్చినంక గూడ మా అత్తను ఒకల చెలకల పాలేరు లెక్క పండవెట్టమంటవా?"

భూపాల్ మొహం ఎర్రబడింది. వెళ్లి కారు పక్కన నిలబడ్డాడు.

వాగు ఒడ్డుకు మోసుకుపోయారు. ఎవరిదీ కాని నేల అదొక్కటే. రెండు అడుగులు తవ్వగానే ఇసుక, ఇంకొంచెం తవ్వితే ఊట. యోసేపు గుంతలోకి దిగి తట్టతో నీళ్లు పైకి అందించాడు. తోడిన కొద్దీ ఊరుతున్నాయి. ఒక పెద్దాయన లోతు చాలు, ఇక ఆపమన్నాడు. వాగులోంచి సన్నరాళ్లు ఏరుకొచ్చి అడుగున పోసి, దాని మీద పేటిక దింపారు. అది దిగుతూ నీళ్లను తాకిన చప్పుడు అందరికీ వినిపించింది. రాణి అప్పుడు ఏడ్చింది. అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు అది. జాలి అవతలి చేనుదాకా వినబడింది.

మట్టి పూడ్చాక ఆ పెద్దాయన, "కుక్కలు కెలుకుతయి, నక్కలు తిరుగుతయి. బండలు పెట్టున్రి," అన్నాడు. మగవాళ్లు వాగులో దిగి పెద్ద పెద్ద రాళ్లు దొర్లించుకొచ్చారు. ఒకటి తల దగ్గర, ఒకటి కాళ్ల దగ్గర పెట్టి, మిగతావి ఒకదాని పక్కన ఒకటి చేరుస్తూ సమాధి చుట్టూ తిప్పారు. గుండ్రం పూర్తయింది. తనూజ ఎన్నిచోట్ల టేపు పట్టి కొలిచిందో అలాంటిదే, కొత్తది, ఇంకా నీళ్లు కారుతున్న రాళ్లతో, ఆమె కళ్ల ముందు తయారైంది. ఆమె చూడలేక వెనక్కి తిరిగి, వాగు ఒడ్డున తుమ్మపొదల పక్కన కూర్చుండిపోయింది.

వెళ్లేముందు యోసేపు దగ్గరికి పోయింది. చెయ్యి పట్టుకోబోతే అతను తువ్వాలతో చేతులు తుడుచుకుంటున్నట్టు వెనక్కి తీసుకున్నాడు.

"వానకాలం వాగొస్తది మేడం," అన్నాడు. "మా అవ్వ ఉంటదో పోతదో."

*

ఆదివారం తనూజ మొగుళ్లపల్లి వెళ్లింది. వెళ్లకూడదనే అనుకుంది. తను పోకపోతే భూపాల్ ఇంకొకరిని పంపుతాడని బయల్దేరింది. పరకాల దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. ఆటో దిగి బోరింగు దగ్గర నీళ్లు కొట్టుకుంటున్న ఒకామెను అడిగింది, ఈ దిక్కు చేన్లలో గుండ్రంగా ఉన్న పెద్ద బండలు ఎటున్నాయని.

ఆమె తనూజ సంచి వైపు, మెడలో వేలాడుతున్న దిక్సూచి వైపు చూసింది. "బండలా? మా దిక్కు ఏం లేవు," అంది. బిందె సగం కూడా నిండకుండానే ఎత్తుకుని పోయింది.

తనూజ డొంక పట్టుకుని నడిచింది. మొదటి చేనులో ఎర్రమట్టి తిరగబడి ఉంది. జేసీబీ పళ్ల గీతల్లో ఇంకా తడి ఆరలేదు. రెండో చేనులోనూ అంతే. చిన్న వాగులాంటి ఒర్రెలో పలకలు, గుండ్లు కుప్పగా పడి ఉన్నాయి. ఒక పలకకు నడుమ చేత్తో తొలిచిన గుంతలు వరుసగా కనిపించాయి. వాటిలో అప్పుడే చేరిన బురదనీళ్లు మెరుస్తున్నాయి. పత్తి ఏరుతున్న వాళ్లు నడుములు లేపి ఆమెను చూసి, మళ్లీ వంగారు. ఒకడు మాత్రం గట్టు మీదికి వచ్చి, "జనగామ మేడం నువ్వేనా? గుండ్లగడ్డల ఒకాయన భూమి తీసుకున్నరట గద," అన్నాడు. ఆమె జవాబు చెప్పేలోగా, "మాకు బండలు లేవు. నువ్వు పోవచ్చు," అన్నాడు.

ఒర్రె దాటాక ఒక మిరప తోట. దాని మూలకు వచ్చి తనూజ ఆగిపోయింది.

గుండ్రం చెక్కుచెదరలేదు. ఒక్క రాయి కూడా ఒరగలేదు. నడుమ పలకలు నిలబెట్టినవి నిలబెట్టినట్టే ఉన్నాయి. తూర్పు పలకకు తల దూరేంత గుండ్రని రంధ్రం. పైన మూసిన బండ మనిషి పొడుగును మించి ఉంది. ఇలాంటి రంధ్రపు పలకలు విరిగినవే చూసింది ఇన్నాళ్లూ. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే సంచిలోకి పోయి టేపును పట్టుకుంది.

"మేడం."

అరవై దాటిన మనిషి, చేతిలో పురుగుమందు డబ్బా. కాస్త వెనకగా అతని భార్య. డబ్బా కింద పెట్టి దండం పెట్టాడు. పేరు రాములు అన్నాడు, తోట తనదే అన్నాడు.

"ఒక్క మాట సక్కగ చెప్పు మేడం. అందరు తీపిచ్చుకున్నరు. నాకు ధైర్యం సాల్లె. గివి అవేనా?"

ఆమె రాములు కాళ్లు చూసింది. మడమలు పగిలి, పగుళ్లలో ఎర్రమట్టి పట్టి ఉన్నాయి. అతని భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తనూజ పెదవుల వైపే చూస్తోంది. తనూజ టేపు వదిలేసి చెయ్యి బయటికి తీసింది.

"కాదన్నా. ఉత్త బండలు."

"మరి గుండ్రంగ ఉన్నయి?"

"ఎవలో చేను సాపు చేసినప్పుడు పక్కకేసి ఉంటరు."

రాములు గట్టు మీద కూలబడ్డాడు. తర్వాత నవ్వాడు. "ఉత్త బండలేనట సరోజా! నేను రాత్రుల్లు నిద్రపోలేదు మేడం." లేచి తువ్వాల దులిపాడు. "మా తాత ముట్టొద్దన్నడు, మా నాయిన ముట్టలె. ఏదన్న ఉన్నదేమో, ఎవలన్న ఉన్నరేమోనని నేను గూడ ముట్టలె. ఉత్తయే అయితే ఇంక దేనికి? ఉత్త పున్నేనికి ఇంత జాగ ఇడిసిపెట్టినం. మిషను అవతలి చెలకల్నే ఉన్నది. ఓ సరోజా, పిలువు!"

"ఉండనీ అన్నా," అంది తనూజ. "ఇన్నేండ్లు ఉన్నయి గద."

"ఎందుకు మేడం?"

దానికి ఆమె దగ్గర ఒకే జవాబు ఉంది. అది చెప్పేది కాదు. చెబితే వీళ్ల తోట చుట్టూ కూడా సున్నం గీత పడుతుంది. చెప్పకపోతే ఈ బండలు ఒర్రెలో పడతాయి. రాములు అప్పటికే యంత్రానికి తోవ చూపించడానికి గట్టు దిగాడు.

జేసీబీ మిరపసాళ్ల అంచున తిరుగుతూ వచ్చి నిలబడింది. నడిపే అతను తొట్టి కిందికి దించి, పళ్లను పై బండ కిందికి దూర్చాడు. "మేడం, జర పక్కకు జరుగు, పెళ్లలు ఎగురుతయి," అన్నాడు రాములు. తనూజ పక్కకు జరిగింది. బండ ఒక్కసారి ఊగింది, లేచింది, పళ్ల మీద నిలవలేక జారి పలక మీద పడి రెండుగా విరిగింది. దుమ్ము లేచింది.

దుమ్ము తగ్గాక లోపల కనబడింది. సన్నటి పూడు మట్టిలో కుండలు. కింది సగం ఎర్రగా, పై సగం నల్లగా, నిన్ననే దించినట్టు నిగనిగలాడుతూ, గోడ వెంట వరుసగా. ఒకటి మాత్రం బండ దెబ్బకు ఒరిగింది. వాటి నడుమ ఎముకలు. ఒక దవడ, పళ్లతో సహా. తనూజ తన జీవితంలో ఇంత నిండుగా ఉన్న గూడును చూడలేదు. ఇక చూడబోదని కూడా ఆ క్షణానే తెలిసింది.

"ఆపు! ఆపుర బిడ్డా!" రాములు రెండు చేతులూ పైకెత్తి అరిచాడు. యంత్రం ఆగింది.

అతను అంచున కూర్చుని లోపలికి చూశాడు. భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. సరోజ వచ్చి చూసి కొంగు తలమీదికి లాక్కుంది. యంత్రం నడిపే అతను దిగి, చెప్పులు మట్టిలోనే వదిలేసి, దూరంగా నిలబడ్డాడు.

"గిది బొంద గదనే," అన్నాడు రాములు మెల్లగా. తనూజ వైపు తల తిప్పాడు. "నీకు ఎరుకే."

"ఎరుకనే అన్నా."

"ఎరుకై ఉత్త బండలంటివి?"

"బొంద అంటే నీ తోట పోతది."

రాములు ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. తిడతాడనుకుంది. తిట్టలేదు. "నువ్వు చెప్పకపోతివి, నేను ఆగకపోతి," అన్నాడు. ఎవరితోనూ కాదు, విరిగిన బండతో అన్నట్టు.

"పెద్దమనిషిని కదిలిస్తిమి గదయ్యా," అంది సరోజ. "మూసెయ్యి. తొందరగ మూసెయ్యి. ఎండ తలగుతున్నది."

రాములు పార అందుకున్నాడు. యంత్రం నడిపే అతను, "నాకేం గనవడలె బాపు. నేను ఎక్కడ అనను," అని మొదటి తట్ట మట్టి తనే ఎత్తాడు.

"జర ఆగు," అంది తనూజ.

సంచి గట్టు మీద పెట్టింది. ఫోన్ అందులోనే ఉంది. ఫొటో తీసుకోవచ్చు, ఒక్క ఫొటో. ఎక్కడిదో ఎవరికీ చెప్పకుండా దాచుకోవచ్చు. దాని వంక చూడకుండా చీర కుచ్చిళ్లు దోపుకుని గుంతలోకి దిగింది. మోకాళ్ల మీద కూర్చుని, ఒరిగిన కుండను రెండు చేతులతో పట్టి, మిగతావాటి వరుసలోకి నిలబెట్టింది. అంచున చిన్న ముక్క ఊడి ఉంది. దాన్ని వెతికి ఊడినచోటే ఆనించింది. చుట్టూ మట్టి పోసి, కదలకుండా గుప్పిళ్లతో అదిమింది. దవడ మీదికి సన్నటి మట్టి జల్లింది, పెళ్లలు తగలకుండా. తర్వాత పైకి చెయ్యి చాపితే సరోజ ఆసరా ఇచ్చింది.

నలుగురూ పూడ్చారు. విరిగిన బండ రెండు ముక్కలనూ యంత్రంతో నెమ్మదిగా ఎత్తించి మీద కప్పారు. నడుమ సందులో రాములు చిన్న రాళ్లు దూర్చి, మిరపకట్టె కుప్పలు తెచ్చి పైన పరిచాడు. దూరం నుంచి చూస్తే కట్టెకుప్ప. అతను చేతులు దులుపుకున్నాడు.

"మీవోళ్లకు ఏం చెప్తవు?"

"చెప్పిందే చెప్త. ఉత్త బండలున్నయని."

"మల్ల ఎవలన్న వస్తే?"

తనూజకు తెలుసు. వస్తారు. భూపాల్ ఊరుకోడు. సరోజ చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగింది గానీ చేతులు కడుక్కోవాలని తోచలేదు. సంచి భుజాన వేసుకుని డొంక పట్టుకుంది. ఒర్రె దగ్గర బురదలో పడి ఉన్న పలకల వైపు ఈసారి చూడలేదు.

పరకాల పోయే ఆటోలో ఒక ముసలామె పక్కన జాగా దొరికింది. ఒళ్లో కూరగాయల మూటతో ఆమె తనూజ చేతులు, గోళ్లలోని ఎర్రమట్టి, మోకాళ్ల దగ్గర మట్టి అంటిన చీర, ఎగాదిగా చూసింది. మూట కాస్త పక్కకు జరుపుకుంది.

"ఎవలన్న పోయిండ్రా బిడ్డా, మట్టికి పోయొస్తున్నవా?"

"అవునవ్వా."

"దగ్గరోళ్లేనా?"

ఆటో గుంతలో పడి లేచింది. తనూజ ముందు సీటు కడ్డీ పట్టుకుంది. ముసలామె, అడిగి తప్పు చేశాననుకుని, ఆమె భుజం మీద చెయ్యి వేసింది. తనూజకు అప్పుడు ఏడుపొచ్చింది.

"మావోళ్లే అవ్వా," అంది.